బల్ల మీద నుంచి పడిన హార్డ్ డిస్కు: అందులోని పేజ్‌మేకర్ ఫైళ్లు ఎలా తీయాలి?

#1 తెనాలి_అక్షరం

అందరికీ నమస్కారం. తెనాలిలో డీటీపీ సెంటరు నడుపుతున్నాను. పని జరుగుతుండగా కేబులుకు ఎవరి కాలో తగిలి, 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు బల్ల మీద నుంచి గచ్చు మీద పడింది. జేబులో పట్టే చిన్న రకం. ఇప్పుడు కంప్యూటరుకు తగిలిస్తే డ్రైవ్ కనిపిస్తుంది కానీ, తెరవబోతే వాడే ముందు ఫార్మాట్ చేయమని అడుగుతోంది.

2006 నుంచి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరులో చేసిన పుస్తకాల ఫైళ్లన్నీ ఇందులోనే ఉన్నాయి. చాలావాటికి అచ్చు ప్రతులు ఉన్నాయి కనుక ఎలాగో సర్దుకోవచ్చు. ఒక్క దాని గురించే నా బెంగ. మా ప్రాంతంలో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఊరూరా తిరిగి నాట్ల పాటలు, కలుపు పాటలు, దంపుళ్ల పాటలు, లాలి పాటలు సేకరించారు. ఆయన కాలం చేశారు. రాతప్రతులకు చెదలు పట్టింది. టైపు చేసిన 400 పేజీల దాకా ఈ డిస్కులోనే ఉన్నాయి, పుస్తకం ఇంకా అచ్చుకు వెళ్లలేదు. దయచేసి దారి చెప్పండి.

#2 పాలకొల్లు_పీసీ

కంగారు పడకండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి చెక్‌డిస్క్ నడపండి, స్లాష్ ఆర్ తో. రాత్రి పెట్టి పడుకుంటే ఉదయానికి సరిపోతుంది. నా పెన్ డ్రైవ్ ఇలాగే బాగయింది.

#3 బెంచి_మీద

అక్షరం గారూ, చెక్‌డిస్క్ వద్దు. ఫార్మాట్ అసలే వద్దు. ముందు కేబులు తీసేయండి, తర్వాత చదవండి.

సికింద్రాబాదులో డేటా రికవరీ పని చేస్తున్నాను. పాలకొల్లు గారు మంచి మనసుతోనే చెప్పారు. కానీ చెక్‌డిస్క్ మీ ఫైళ్లను కాపాడటానికి పుట్టింది కాదు, ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే ఫైల్ సిస్టమ్ పద్దులను సరిచేయడానికి పుట్టింది. చదవలేని చోటు తగిలితే అక్కడి పద్దును చెరిపేసి, దిక్కులేని ముక్కలను వేరే ఫోల్డరులో పడేస్తుంది. పైగా ఆ రాతలన్నీ దెబ్బతిన్న డిస్కు మీదే రాస్తుంది. రాత్రంతా అలా నడిస్తే ఉదయానికి డిస్కే ఉండకపోవచ్చు.

లోపల జరిగేది చెబుతాను. ఈ చిన్న డిస్కుల్లో ప్లాటరు, అంటే డేటా ఉండే గుండ్రని పలక, మామూలుగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 90. దాని మీద చదివే హెడ్డు ఆనకుండా, కొద్ది నానోమీటర్ల ఎత్తున గాలి పొర మీద తేలుతుంది. మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు. తిరుగుతుండగా కింద పడిందంటే హెడ్డు ప్లాటరుకు తగిలి ఉండవచ్చు. తగిలిన చోట పూత లేచి, ఆ రజను లోపలే తిరుగుతూ ఉండవచ్చు. అందుకే ఇలాంటి డిస్కుకు కరెంటు ఇచ్చిన ప్రతిసారీ కొంత ఖర్చవుతున్నట్టే లెక్క. ఆ ఖర్చు దేనికి పెట్టాలో ముందే తేల్చుకోవాలి. మొదట ప్రతి తీయాలి, తర్వాత వెతుకులాటంతా ఆ ప్రతి మీదే జరగాలి.

మూడు సంగతులు చెప్పండి. పెట్టినప్పుడు టక్ టక్ మని ఆగకుండా కొట్టుకునే శబ్దం గానీ, గీసినట్టు కీచుమనే శబ్దం గానీ వచ్చిందా? డిస్క్ మేనేజ్‌మెంటులో దాని సైజు సరిగా కనిపించిందా? పడిన తర్వాత దాని మీద ఏ సాఫ్ట్‌వేరైనా నడిపారా? జవాబు గుర్తున్నంత వరకు చెప్పండి, చూడటానికి మళ్లీ తగిలించకండి.

#4 గోదావరి_గట్టు

ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే పని చేస్తుందని చాలా చోట్ల చదివాను. ఆఖరి ప్రయత్నంగా చూడవచ్చు కదా?

#5 బెంచి_మీద

వద్దు గట్టు గారూ. ఎప్పుడో పాత తరం డిస్కుల్లో కొన్ని రకాల లోపాలకు అది కాసేపు పని చేసి ఉండవచ్చు. మామూలు హార్డ్ డిస్కు గాలి చొరకుండా మూసిన డబ్బా కాదు. దానికి ఫిల్టరుతో చిన్న గాలి రంధ్రం ఉంటుంది. చల్లబడిన డిస్కును మన కోస్తా ఉక్కపోతలోకి తీస్తే ప్లాటరు మీద చెమ్మ చేరుతుంది. హెడ్డు తేలేది నానోమీటర్ల ఎత్తులో అన్నాను కదా, ఆ చెమ్మ బిందువు దాని ముందు కొండంత. బియ్యంలో పెట్టడం, తట్టడం, మూత విప్పి చూడటం కూడా అంతే. మూత విప్పే పని ఐఎస్‌ఓ 5 తరగతి శుభ్రమైన గాలిలో జరగాలి. మా దగ్గర కూడా అవసరం తేలితే తప్ప విప్పం.

#6 తెనాలి_అక్షరం

బెంచి గారూ, చాలా థ్యాంక్స్. కేబులు తీసేశాను. కొట్టుకునే శబ్దం లేదు, మామూలుగా తిరుగుతున్నట్టే వినిపించింది. డిస్క్ మేనేజ్‌మెంటులో 931 జీబీ అని చూపించి, పక్కన ఇంగ్లీషులో RAW (రా) అని ఉంది. తెరవబోతే చాలాసేపు నిలిచిపోయి, తర్వాత ఫార్మాట్ మాట ఎత్తింది. ఏ సాఫ్ట్‌వేరూ నడపలేదు.

#7 బెంచి_మీద

మంచి కబురు. 1 టీబీ డిస్కును విండోస్ 931 జీబీగానే చూపిస్తుంది. సైజు సరిగా వచ్చిందంటే డిస్కు తనను నడిపే ఫర్మ్‌వేరును ప్లాటరు మీద నుంచి చదువుకోగలిగింది. శబ్దం లేదంటే హెడ్లు ప్రస్తుతానికి పని చేస్తున్నాయి. ఫైల్ సిస్టమ్ మొదట్లో ఉండే ముఖ్యమైన సెక్టార్లు, అంటే డేటా రాసే చిన్న చిన్న గదులు, కొన్ని చదవడానికి రావడం లేదు, అందుకే విండోస్ దాన్ని గుర్తుపట్టలేక ఫార్మాట్ అంటోంది.

#8 పాత_మదర్‌బోర్డు

బెంచి గారితో ఇక్కడ విభేదిస్తాను. మీరు ఇంట్లో చేసే దారి చెప్పబోతున్నట్టున్నారు. కింద పడిన డిస్కు, మరో ప్రతి లేని సరుకు. ఇది నేరుగా ల్యాబ్‌కు వెళ్లాల్సిన కేసు. ఇప్పుడు హెడ్లు పని చేస్తున్నాయి కనుకే ల్యాబ్‌లో తక్కువ ఖర్చుతో అవుతుంది. ఇంట్లో ప్రయత్నించి హెడ్డు పోయాక తీసుకెళ్తే, విడిభాగాలు తీసుకోవడానికి అదే రకం దాత డిస్కు వెతికి హెడ్లు మార్చాలి. అప్పుడు ఖర్చూ పెరుగుతుంది, ఆశా తగ్గుతుంది.

#9 బెంచి_మీద

మదర్‌బోర్డు గారి మాటను నేను కొట్టిపారేయను. డబ్బుకు ఇబ్బంది లేకపోతే నా సలహా కూడా అదే. ల్యాబ్‌లో పీసీ-3000 లాంటి పరికరంతో డిస్కు ఎక్కడ తడబడితే అక్కడ ఆపగలం, హెడ్డు హెడ్డుగా విడదీసి చదవగలం. మామూలు కంప్యూటరు ఒక్క చెడ్డ సెక్టారు దగ్గర పదే పదే ప్రయత్నిస్తూ కూర్చుంటుంది, ఆ పట్టుదలే డిస్కు కొంప ముంచుతుంది.

ల్యాబ్‌కు వెళ్లేవారు రెండు విషయాలు ముందే రాయించుకోండి. డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు, వచ్చిన ఫైళ్ల జాబితా చూపించాకే డబ్బు అడుగుతారా. మీ ముందే మూత విప్పి చూసే షాపు నుంచి లేచి వచ్చేయండి.

అక్షరం గారూ, నిర్ణయం మీది.

#10 తెనాలి_అక్షరం

మాస్టారి అమ్మాయితో మాట్లాడాను. ల్యాబ్ ఖర్చు ఇద్దరం కలిసి భరించినా ఇప్పట్లో కష్టమే. ఇంట్లోనే జాగ్రత్తగా ప్రయత్నించమన్నారు. శబ్దం మారిన క్షణాన ఆపేసి, అప్పు చేసైనా ల్యాబ్‌కు పంపాలని ఇద్దరం అనుకున్నాం.

#11 బెంచి_మీద

సరే. అయితే తొందర లేకుండా చేద్దాం.

2 టీబీ కొత్త డిస్కు కొనండి. ప్రతి పడే చోటు మూలం కంటే పెద్దదిగా ఉండాలి. దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్ గానో ఈఎక్స్‌టీ4 గానో ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32 అయితే ఒక్క ఫైలు 4 జీబీ దాటనివ్వదు.

విండోస్‌లో ఈ పని చేయవద్దు. డిస్కు తగిలించగానే అది తనంతట తాను తడమడం మొదలుపెడుతుంది. పెన్ డ్రైవ్ మీద సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్సు ఎక్కించి దానితో బూట్ చేయండి. మనకు కావలసిన గ్నూ డీడీరెస్క్యూ, టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్, డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ పట్టికను చూపించే స్మార్ట్‌సీటీఎల్ అన్నీ అందులో ఉంటాయి. ఉచితం.

మొదట స్మార్ట్ పట్టిక ఒక్కసారి చూసి ఫోటో తీసుకోండి. 5వ వరుస, డిస్కు ఇప్పటికే పక్కన పెట్టి బదులు చోటు ఇచ్చిన సెక్టార్లు. 197వ వరుస, చదవలేక వేచి ఉన్న సెక్టార్లు. 199 పెరిగి ఉంటే తప్పు కేబులుదై ఉండవచ్చు, అప్పుడు కేబులు మార్చండి.

తర్వాత డీడీరెస్క్యూ. దాని తెలివి ఎక్కడుందంటే, చెడ్డ చోటు తగిలితే అక్కడ పంతం పట్టదు. దాటుకుని ముందుకు వెళ్లి, మంచిగా ఉన్నదంతా ముందు తెచ్చిపెడుతుంది. ఎక్కడెక్కడ ఏం జరిగిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. కరెంటు పోయినా, మీరు ఆపినా, మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది. మ్యాప్ ఫైలు ఇవ్వకుండా మాత్రం నడపకండి, అది లేకపోతే సగం బలం పోయినట్టే. మొదటి విడతలో నో-స్క్రేప్ ఆప్షను పెట్టండి, చెడ్డ చోట్లను సెక్టారు సెక్టారుగా గోకే పని తర్వాత చూద్దాం.

కమాండులో ముందు వచ్చేది మూలం, తర్వాత వచ్చేది ప్రతి. డిస్కుల పేర్లను సైజుతోనూ మోడల్ నంబరుతోనూ సరిపోల్చుకుని, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి చదివించి, అప్పుడు ఎంటర్ నొక్కండి. అది తారుమారైతే తిరుగు లేదు.

మరొకటి. డబ్బా విప్పి నేరుగా కంప్యూటరు లోపలి సాటా కేబులుకు తగిలిస్తే మేలని కొందరు చెబుతారు. పెద్ద డిస్కుల విషయంలో చాలాసార్లు నిజమే. ఈ చిన్నవాటిలో కొన్నింటికి యూఎస్‌బీ సాకెట్టు డిస్కు బోర్డు మీదే అతికి ఉంటుంది, సాటా ఉండదు. కొన్నింటిలో ఆ బోర్డే డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. కనుక విప్పకండి.

#12 మెదక్_మనిషి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది వేరే సమస్య. 3.5 అంగుళాల ఎక్స్‌టర్నల్ డిస్కుకు 12 వోల్టుల అడాప్టరు బదులు ల్యాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టరు పెట్టారు మా ఇంట్లో. కాలిన వాసన వచ్చింది, ఇప్పుడు తిరగడమే లేదు. అదే మోడలు ఇంకొకటి కొని బోర్డు మార్చితే చాలు అంటున్నారు షాపులో. నిజమేనా?

#13 బెంచి_మీద

బోర్డు మార్చితే చాలు అన్న కాలం ఎప్పుడో పోయింది. ప్రతి డిస్కు హెడ్లకూ ప్లాటర్లకూ ఫ్యాక్టరీలో కుదిర్చిన కొలతలు వేరు. అవి బోర్డు మీది రోమ్ అనే చిప్పులో ఉంటాయి. చాలా డిస్కుల్లో అది ఎనిమిది కాళ్ల చిన్న చిప్పు. పాత బోర్డు నుంచి ఆ చిప్పును తీసి కొత్త బోర్డుకు అతికించకపోతే, మోడల్ నంబరు అక్షరం పొల్లు పోకుండా కలిసినా డిస్కు లేవదు.

మీకు అంత అవసరం పడకపోవచ్చు. కరెంటు వచ్చే చోట 5 వోల్టులకొకటి, 12 వోల్టులకొకటి టీవీఎస్ డయోడ్లు ఉంటాయి. వోల్టేజి ఎక్కువైతే అవి తాము షార్టయి బోర్డును కాపాడతాయి. మంచి మొబైల్ రిపేరు మెకానిక్ మల్టీమీటరుతో చూసి, షార్టయిన డయోడును తీసేస్తే డిస్కు మళ్లీ తిరిగిన సందర్భాలు చాలా ఉన్నాయి. అలా లేస్తే ఇక దానికి రక్షణ ఉండదు. సరైన అడాప్టరుతో ఒక్కసారి పెట్టి, డేటా అంతా కాపీ చేసుకుని పక్కన పెట్టేయండి. దాత బోర్డు అవసరమైతే ముందు సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత డిస్కులు అమ్మేవాళ్ల దగ్గర అడగండి. బోర్డు మీద అచ్చయిన నంబరు ఫోటో తీసుకెళ్లండి, స్టిక్కరు నంబరు ఒక్కటే సరిపోదు.

#14 డల్లాస్_తెలుగు

ధైర్యం కోసం ఒక నిజమైన సంగతి. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక కూలిపోయింది కదా, కల్పనా చావ్లా ప్రాణం పోయిన ప్రమాదం. ఆ శకలాల్లో కాలి ముద్దగా మారిన 400 ఎంబీ హార్డ్ డిస్కు ఒకటి దొరికింది. జెనాన్ వాయువు మీద చేసిన ప్రయోగం ఫలితాలు అందులో ఉన్నాయి. క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థ ఇంజినీర్లు దాదాపు 99 శాతం డేటా తీశారు. ఆ ఫలితాలు 2008లో ఫిజికల్ రివ్యూ ఈ అనే సైన్సు పత్రికలో వచ్చాయి. ఆకాశం నుంచి పడినదే వచ్చినప్పుడు బల్ల మీద నుంచి పడినది రాదా!

#15 బెంచి_మీద

మా వృత్తిలో అందరికీ తెలిసిన కేసు అది. అయితే అక్కడ ఏం కలిసొచ్చిందో కూడా చెప్పాలి. బోర్డూ డబ్బా కాలిపోయినా ప్లాటర్లు వంగలేదు. వాటిని శుభ్రం చేసి వేరే డ్రైవులోకి మార్చి చదివారు. దెబ్బ తగిలిన చోట డేటా లేదు, పాత డాస్ పద్ధతిలో ఫైళ్లు చెల్లాచెదరు కాకుండా ఒక వరుసలో ఉన్నాయి. డబ్బా ఎంత కాలిందన్నది లెక్కలోకి రాదు, ప్లాటరు ఉపరితలం ఎంత మిగిలిందన్నదే లెక్క. పైకి కొత్తగా మెరుస్తూ, లోపల హెడ్డు గీసి పూత ఊడిపోయిన డిస్కు నుంచి ఎవరూ ఏమీ తేలేరు.

#16 తెనాలి_అక్షరం

మొదలుపెట్టాను. 197వ వరుసలో వందల్లో అంకె ఉంది. 199 సున్నా. మొదట్లో కొద్దిసేపు నత్తనడకగా సాగి, తర్వాత సెకనుకు 100 ఎంబీ దగ్గర నడిచింది. మధ్యలో ఒక చోట దాదాపు నిలిచిపోయింది. శబ్దం మారలేదు. డిస్కు వేడెక్కుతోందనిపించి ఆపి, చల్లబడ్డాక ఫ్యాను పెట్టి మళ్లీ నడిపాను. ఆపిన చోటు నుంచే అందుకుంది.

మొదటి విడత అయ్యేసరికి 99.6 శాతం వచ్చినట్టు చూపిస్తోంది. మిగిలింది 4 జీబీ. ఇప్పుడు గోకమంటారా?

#17 బెంచి_మీద

ఆగండి. డీడీరెస్క్యూవ్యూ అనే ప్రోగ్రాములో మ్యాప్ ఫైలు తెరిచి బొమ్మ చూడండి. డిస్కు పొడవునా సమాన దూరంలో చారలు చారలుగా ఖాళీలుంటే ఒక హెడ్డు పూర్తిగా నీరసించిందని అర్థం. అప్పుడు ఇంట్లో పని అయిపోయినట్టే. ఒకటి రెండు చోట్ల గుంపుగా ఉంటే పడినప్పుడు తగిలిన దెబ్బ అది.

#18 తెనాలి_అక్షరం

చారలు లేవు. మొదట్లో చిన్న మచ్చ, మధ్యలో ఒక పెద్ద మచ్చ. మిగతాదంతా పచ్చగా ఉంది.

#19 బెంచి_మీద

అయితే ఇంకొక్క విడత వెనక నుంచి ముందుకు నడిపించండి, రివర్స్ ఆప్షను ఉంటుంది. మచ్చకు రెండో అంచు నుంచి వస్తే కొంత దొరుకుతుంది. తర్వాత డిస్కును తీసి పక్కన పెట్టేయండి. ఆ మచ్చ నడి మధ్యలో హెడ్డును పదే పదే తిప్పించడం నాకు ఇష్టం లేదు. ఆ కాస్తలో మీ ఫైళ్లు ఉన్నాయో లేదో తెలిశాక గోకడం గురించి మాట్లాడుకుందాం.

#20 పాత_మదర్‌బోర్డు

అక్షరం గారూ, ఈ ఒక్క మాట వినండి. వచ్చిన ఇమేజ్ ఫైలుకు, అంటే డిస్కు నకలుకు, ఇంకొక ప్రతి తీసి, ఇక ముందు పనంతా ఆ రెండో దాని మీద చేయండి.

#21 తెనాలి_అక్షరం

అలాగే చేశాను. వెనక నుంచి నడిపితే మిగిలినది 1 జీబీకి దిగింది. ఇమేజ్ మీద టెస్ట్‌డిస్క్ నడిపితే డిస్కు విభాగం (పార్టిషన్) దొరికింది. దాని మొదట్లో ఉండే బూట్ సెక్టారు చెడిందని చెప్పి, విభాగం చివర ఉన్న దాని నకలు బాగుందంది. దాన్ని పెట్టగానే ఫోల్డర్లన్నీ పేర్లతో సహా వచ్చాయి!

కానీ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ఆఫీసులో ఖాళీగా ఉన్న వేరే కంప్యూటరులో పాటల ఫైలు తెరిస్తే పేజీలు, గీతలు సరిగా ఉన్నాయి కానీ అక్షరాల చోట ఇంగ్లీషు అక్షరాలు, నెత్తిన గుర్తులున్న ఏవేవో వింత అక్షరాలు వస్తున్నాయి. డేటా చెడిపోయినట్టేనా?

#22 అచ్చుయంత్రం

చెడిపోలేదండీ, నిశ్చింతగా ఉండండి. ఆ కంప్యూటరులో ‘అను’ అనే తెలుగు ఫాంట్లు ఉన్నాయో లేదో చూడండి. మన పాత ఫైళ్లు యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలను, అంటే తలకట్టు, గుణింతం, వత్తు విడివిడిగా కూర్చారు. ఫాంటు లేకపోతే లోపలి ఇంగ్లీషు స్థానాలే తెర మీదకు వస్తాయి. నిజంగా చెడిన ఫైలైతే పేజ్‌మేకర్ అసలు తెరవదు, లేదా మధ్యలో ఆగిపోతుంది. ఇంత చక్కగా వింత అక్షరాలు వచ్చాయంటే సరుకు భద్రంగా ఉంది.

#23 తెనాలి_అక్షరం

ఫాంట్లు ఎక్కించాను. నాట్ల పాటల అధ్యాయం మొత్తం తెర మీద చదివాను. కళ్లనీళ్లు వచ్చాయి. మాస్టారి అమ్మాయికి ఫోనులోనే రెండు పాటలు చదివి వినిపించాను.

రెండు అధ్యాయాల ఫైళ్లు మాత్రం తెరుచుకోవడం లేదు. దంపుళ్ల పాటలు, లాలి పాటలు.

#24 బెంచి_మీద

చాలా సంతోషం. ఇప్పుడు ఏ ఫైళ్లకు దెబ్బ తగిలిందో ఊహించకుండా తేల్చుకునే ఉపాయం ఉంది. డీడీరెస్క్యూలో ఫిల్ మోడ్ అని ఒకటి ఉంది. ఇమేజ్‌లో చదవలేకపోయిన చోట్లలో సున్నాలకు బదులు మనం ఇచ్చిన గుర్తు పదాన్ని నింపుతుంది. అది రెండో ప్రతి మీద చేసి, ఫైళ్లన్నింటిలో ఆ పదం ఎక్కడుందో వెతికించండి. గుర్తు దొరికిన ఫైళ్లే దెబ్బతిన్నవి. పేజ్‌మేకర్‌లో పుట్టుకతో సమస్య ఉన్న ఫైలుకూ, డిస్కు దెబ్బ తగిలిన ఫైలుకూ తేడా అలా తెలుస్తుంది.

#25 అచ్చుయంత్రం

దాంతో పాటు ఇది కూడా చూడండి. తెరుచుకోని ఫైలును లిబ్రేఆఫీస్ డ్రాలో తెరిచి చూడండి, పేజ్‌మేకర్ ఫైళ్లను అది చదువుతుంది. అదీ కాకపోతే ఫైలు లోపలి బైట్లను నేరుగా చూపే హెక్స్ ఎడిటరులో తెరిచి, పాఠం ఉన్న భాగాలను వింత అక్షరాల రూపంలోనే కాపీ చేసి, కొత్త పేజీలో అతికించి అను ఫాంటు పెట్టండి. పేజీ కూర్పు పోతుంది, మాటలు మిగులుతాయి. మనకు కావలసింది మాటలే కదా.

#26 కాకినాడ_చదువరి

ఫోటోరెక్ వాడమని ఎవరూ చెప్పలేదేం? నాకు పెళ్లి ఫోటోలన్నీ దానితోనే దొరికాయి.

#27 బెంచి_మీద

చదువరి గారూ, ఫోటోలకు అది దివ్యంగా పని చేస్తుంది. అది ఫైల్ సిస్టమ్‌ను పట్టించుకోకుండా, ఫైలు మొదట్లో ఉండే ఆనవాలు చూసి ఏరుతుంది. అందుకే పేర్లూ ఫోల్డర్లూ రావు, ముక్కలైన ఫైళ్లు సరిగా అతకవు. పేజ్‌మేకర్‌లో బొమ్మలు బయటి ఫైళ్లుగా, పేరుతో ముడిపడి ఉంటాయి. పేర్లు పోతే ఆ ముళ్లన్నీ తెగిపోతాయి. ఇక్కడ ఫోల్డర్లతో సహా వచ్చింది కనుక దాని అవసరం పడలేదు. ఎప్పుడో డిలీట్ చేసిన పాత ఫైళ్లు కావాలంటే అప్పుడు వాడవచ్చు. దానికి తెలియని రకం ఫైలైతే, బాగున్న ఒక ఫైలు మొదటి బైట్లు చూసి ఆనవాలు మనమే నేర్పవచ్చు.

మీరు చదువుతున్నప్పుడే ఇంకొకటి చెబుతాను. ఇదంతా తిరిగే డిస్కుల సంగతి. ఎస్ఎస్‌డీలో డిలీట్ చేస్తే ట్రిమ్ అనే ఆదేశంతో ఆ చోటు ఖాళీ అయిపోతుంది, చాలాసార్లు ఏ సాఫ్ట్‌వేరుకూ దొరకదు. విండోస్ వారి బిట్‌లాకర్ తాళం పెట్టిన డిస్కైతే ఇమేజ్ ఎంత బాగా వచ్చినా 48 అంకెల రికవరీ కీ ఉండాల్సిందే. అది ఎక్కడ దాచారో ఇవాళే చూసుకోండి.

#28 తెనాలి_అక్షరం

ఫిల్ మోడ్ పని చేసింది. మొత్తం డిస్కులో గుర్తు పదం దొరికినవి పాతిక లోపు ఫైళ్లు. చాలావరకు పాత పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు. పాటల పుస్తకంలో ఆ రెండే.

లాలి పాటల ఫైలు లిబ్రేఆఫీసులో తెరుచుకుంది. వరుసలు కొంత చెదిరాయి, మాటలన్నీ ఉన్నాయి. దంపుళ్ల పాటల ఫైలుకు మధ్యలో రంధ్రం పడింది. హెక్స్ ఎడిటరులో గుర్తు పదానికి ముందూ వెనకా ఉన్న పాఠం తీసి ఫాంటు పెడితే, పదకొండు పాటలు పూర్తిగా వచ్చాయి, ఒకటి సగంలో తెగింది, మూడు లేవు. ఆ అధ్యాయం మొదటి ప్రూఫు ప్రూఫ్ రీడరు గారి దగ్గర ఉందట, వెతుకుతామన్నారు.

బెంచి గారూ, ఆ మూడు పాటల కోసం డిస్కును మళ్లీ గోకించమంటారా?

#29 బెంచి_మీద

ప్రూఫు దొరుకుతుందో లేదో తెలిసే దాకా తగిలించకండి. దొరికితే ఆ డిస్కుతో ఇక పని లేదు. దొరకకపోతే గోకించకండి, ఉన్నది ఉన్నట్టు ల్యాబ్‌కు పంపండి. మ్యాప్ ఫైలు కూడా ఇవ్వండి. ఏ సెక్టార్లు కావాలో దాన్ని బట్టే తెలుస్తుంది కనుక, డిస్కంతా కాకుండా ఆ కాస్తే చదువుతారు. అప్పటి దాకా యాంటీ స్టాటిక్ కవరులో పెట్టి, పైన తేదీ రాసి, బీరువాలో ఉంచండి.

#30 తెనాలి_అక్షరం

ప్రూఫు దొరికింది. మూడు పాటల్లో రెండు అందులో ఉన్నాయి, మాస్టారి చేతి దిద్దుబాట్లతో సహా. మూడోది తర్వాత చేర్చినట్టుంది, ప్రూఫులో లేదు. దాని మొదటి చరణం మాస్టారి అమ్మాయికి నోటికి వచ్చు. పాడిన ముసలమ్మది కొల్లిపర వైపు ఊరట, ఆమె మనవరాలి ఫోను నంబరు కనుక్కుంటున్నాం. ఇమేజ్ ఒక ప్రతి నా దగ్గర, ఒకటి మాస్టారి ఇంట్లో పెట్టాం. పాత డిస్కు బీరువాలో ఉంది. మూడో పాట సంగతి తేలాక ఇక్కడే రాస్తాను.